బుల్లెమ్మ కడుపులో ఫ్రిజ్

మా జలవిహార సంస్థలో నియమాలు చాలా ఉన్నా, ప్రాణం లాంటిది ఒక్కటే. పాతది అప్పగించనిదే కొత్తది ఇవ్వరాదు. ఈ మాటని ఇత్తడి రేకు మీద చెక్కించి ప్రధాన కార్యాలయం గుమ్మానికి బిగించారు. పూర్వం ఎవరో మహానుభావుడు సంస్థ పేరున కొత్త ఫ్యాన్లు తెప్పించి, పాతవి అల్లుడింటికి పంపించాడట. అప్పటినుంచి మా దగ్గర చీపురు కావాలన్నా అరిగిన చీపురు చేతబట్టుకుని వెళ్ళాలి. నేను దీన్ని తప్పు పట్టను. నియమం లేని ఆఫీసు గట్టు లేని చెరువని నా అభిప్రాయం. ఇలాంటి అభిప్రాయాలు ఉండబట్టే నన్ను తాటిలంక రేవుకి మేనేజరుగా వేశారు.

ఆ రేవులో మాకున్నది ఒక్కటే పడవ. కాగితాల మీద దాని పేరు పర్యాటక నౌక నాలుగు. రేవులో అందరికీ అది బుల్లెమ్మ. రెండు పడక గదులు, ఒక వంటిల్లు, పైన కూర్చుని గాలి పీల్చుకునే చోటు. సెలవులకి వచ్చినవాళ్ళని గోదావరి మీద కొండల మధ్యకి తీసుకెళ్ళి, ఇసుక తిన్నె పక్కన ఒక రాత్రి నిద్రపుచ్చి, మర్నాడు రేవులో దింపేస్తుంది. నడిపేది సరంగు మల్లాడి పోలిరాజు. వండేది నూకరత్నం. పోలిరాజుకి ఆవిడ వరసకి చెల్లెలు. అయినా వంటింట్లో అడుగు పెట్టాలంటే అతను కూడా గుమ్మం దగ్గర దగ్గాలి.

వేసవి ఆఖరి యాత్రలో, జనం భోజనాలకి కూర్చున్న వేళ, బుల్లెమ్మలోని ఫ్రిజ్ ఒకసారి గుర్రుమని, ఒళ్ళు విదిల్చుకుని, ఊరుకుంది. మెకానిక్కు వచ్చి వెనక్కీ ముందుకీ చూసి, లోపల అన్నీ తుప్పు పట్టి పోయాయనీ, ఇక దాన్ని ఇబ్బంది పెట్టవద్దనీ చెప్పి వెళ్ళిపోయాడు.

"కొత్తది రాయించండి మేనేజరుగారూ," అంది నూకరత్నం. "లేపోతే కార్తీకంలో వచ్చే జనానికి పులిసిపోయిన పెరుగెయ్యాలి. నా చేత్తో నేనెయ్యను."

పులిసిన పెరుగుతో పోయేది కాదు సంగతి. శీతల సదుపాయం లేని నౌక యాత్రకి బయల్దేరరాదని మాకు ఇంకో నియమం ఉంది. ఫ్రిజ్ లేకపోతే బుల్లెమ్మ కదలదు. బుల్లెమ్మ కదలకపోతే పోలిరాజుకీ నూకరత్నానికీ పని లేదు, నాకు రేవు లేదు.

"పాతది ఇస్తేనే కొత్తది," అన్నాను.

"ఇచ్చేద్దారండి. అదేవన్నా వెండి గిన్నా?" అన్నాడు పోలిరాజు.

నలుగురు కలిసి ఫ్రిజ్‌ని వంటింటి గుమ్మం దాకా జరిపారు. అక్కడ అది ఆగిపోయింది. గుమ్మం సన్నం, ఫ్రిజ్ లావు. నిలువుగా రాలేదు, అడ్డంగా రాలేదు, తలకిందులుగానూ రాలేదు. లోపలికి వెళ్ళింది బయటికి రాకపోవడం ఏమిటని నేను ఆశ్చర్యపోతే పోలిరాజు అసలు సంగతి చెప్పాడు. బుల్లెమ్మని ఎండాకాలంలో కట్టారు. కట్టిన మేస్త్రికి చల్లని మజ్జిగ లేనిదే చెయ్యి ఆడదు. అందుకని ముందు అడుగు చెక్కలు పరిచి, వాటి మీద ఫ్రిజ్ దింపించి, కరెంటు లాగించి, అందులో మజ్జిగ కుండ పెట్టుకుని పని సాగించాడు. ఫ్రిజ్ చుట్టూ గోడలు లేచాయి, పైన కప్పు పడింది. ఆఖర్న గుమ్మం పెట్టే నాటికి ఫ్రిజ్ ఎలా బయటికి వస్తుందన్న ఆలోచన ఎవరికీ రాలేదు. మజ్జిగ చల్లగానే ఉంది గదా.

నేను లాకులపేట వెళ్ళి స్టోర్సు అధికారి చయనులు గారిని కలిశాను. మా సంస్థలో ఆయన చేతి మీదుగా కాకుండా గుండుసూది కూడా మారదు. మంచి మనిషి. ఎవరొచ్చినా కుర్చీ చూపిస్తారు, మంచినీళ్ళు ఇప్పిస్తారు, ఆ తర్వాత లేదంటారు.

"ఫ్రిజ్‌ని ముక్కలు చేసి తెచ్చి అప్పగిస్తామండి," అన్నాను.

"ముక్కలు ఫ్రిజ్జు కాజాలవు. మీరు నాకు నాలుగు కాళ్ళును, ఒక తోకయు తెచ్చి ఇచ్చి, ఇది ఆవు అనిన యెడల నేను పాలు పిదుకగలనా?"

"పోనీ, పడవ కప్పు కోసి పైనుంచి లాగుతాం."

"అది నౌకా స్వరూప పరివర్తనము. అందులకు వేరొక శాఖ గలదు. ఆ శాఖకు అధికారి నియామకము ఇంకనూ జరుగలేదు."

ఆయన కళ్ళు మూసుకుని కాసేపు ఆలోచించారు. నేనూ నా మర్యాదకి కళ్ళు మూసుకున్నాను.

"మీరు దేవునికి కొబ్బరికాయ సమర్పించునపుడు, పీచు కొంత ఉండిపోయినచో దోషమా?"

"కాదండి."

"అటులనే ఫ్రిజ్జును పీచు సహితముగా సమర్పింపుడు."

నాకు ఆ తర్కం చాలా నచ్చింది. పీచు అంటే బుల్లెమ్మ అని నాకు తట్టేసరికి ఆయన కాగితం మీద పెట్టిన సంతకం ఆరిపోయింది కూడా.

"మరి ఆ పీచు మాకు తిరిగి ఇస్తారాండి?"

"తుక్కుగా జమపడిన వస్తువు వేలమునకే పోవలెను. కార్తీకము వెళ్ళిన పిదప వార్షిక వేలము. మీరు చింతింపవలదు. మీరు కోరినది ఫ్రిజ్జు, మీకు లభించునది ఫ్రిజ్జు."

ఈ వార్త పోలిరాజుకి చెప్పడం నాకు చాలా కష్టమైంది. అతను తల వంచుకుని విని, తాడు చుట్టడం ఆపకుండానే, "పడవని ఫ్రిజ్జుకి గలేబు సేసేసేరన్నమాట," అన్నాడు. అంతకన్నా ఒక్క మాట అనలేదు. నూకరత్నం మాత్రం అతని వాటా కూడా కలిపి అంది. అందులో సగం చయనులు గారి గురించి, సగం నా గురించి. అచ్చులో పెట్టదగ్గది ఏదీ లేదు.

బుల్లెమ్మని పెద్ద ట్రైలరు లారీ మీదకి ఎక్కించి తీసుకెళ్ళారు. పోలిరాజు దిగనన్నాడు. తన చోట్లో తను నిలబడి, చక్రం పట్టుకుని, లాకులపేట బజారు మలుపులన్నిటికీ చక్రం తిప్పుతూ, అడ్డం వచ్చిన ఆటోలకి హారను కొడుతూ వెళ్ళాడు. కాఫీ హోటలు ముందు కూర్చున్నవాళ్ళు లేచి నిలబడి చూశారు. స్టోర్సు యార్డులో దాన్ని అరిగిన చీపుళ్ళ గుట్ట పక్కన దింపి, పాత ఫ్రిజ్ ఒకటి, పీచు సహితం, అని పలక కట్టారు.

మర్నాడే తాటిలంక రేవుకి కొత్త ఫ్రిజ్ వచ్చేసింది. మాట నిలబెట్టుకోవడంలో మా సంస్థకి సాటి లేదు. పడవ లేదు కాబట్టి దాన్ని రేవు మెట్ల పైన, టార్పాలిన్ కింద, ఎత్తయిన బల్ల మీద నిలబెట్టి కరెంటు ఇచ్చాం. ప్రధాన కార్యాలయం నుంచి ఉపసంచాలకులు ఫోను చేశారు.

"శీతల సదుపాయము సమకూరినదా?"

"సమకూరిందండి."

"అయినచో నౌక యాత్రకు సిద్ధమైనట్లే. కార్తీక మాసమునకు టిక్కెట్లు విడుదల చేయుచున్నాము."

"నౌక లేదండి."

"మీరు ఫిర్యాదు చేసినది ఫ్రిజ్జు గురించి. నౌకను గురించిన ఫిర్యాదు మా దృష్టికి రాలేదు," అని ఆయన పెట్టేశారు.

ఆ మాటా నిజమే. నేను నౌక గురించి ఫిర్యాదు రాశాను. జవాబుగా, పాత నౌక అప్పగించినచో కొత్త నౌక పరిశీలింపబడును, అని వచ్చింది. పాత నౌక అప్పగించేశామని మళ్ళీ రాశాను. మీరు అప్పగించినది ఫ్రిజ్జు మాత్రమే, పీచును నౌకగా లెక్కింపజాలము, అని వచ్చింది. ఈలోగా నీటి అంచున ఉన్న సంస్థ ఆస్తికి భద్రత ఉండాలని ఇంకో ఉత్తర్వు దిగింది. నేను కొత్త ఫ్రిజ్‌కి నారింజ రంగు లైఫ్ జాకెట్ తొడిగి, తాళ్ళు ముందుకి లాగి ముడేశాను. రేవులో స్నానాలకి వచ్చే ఆడవాళ్ళు దానికి పసుపు రాయడం మొదలుపెట్టారు. వద్దని చెప్పడానికి నాకు నియమం ఏదీ కనపడలేదు.

నూకరత్నం మాత్రం ఫ్రిజ్‌ని ఊరికే ఉంచలేదు. అందులో ఐసు పెడుతూ ఉండేది. "మిసను ఖాళీగా కరెంటు తింటా కూచుంటే నాకు సూడబుద్ధి కాదు," అనేది.

పోలిరాజు రోజూ పొద్దున్నే లాకులపేట వెళ్ళేవాడు. బుల్లెమ్మని కడిగేవాడు. చెక్కల సందుల్లో నార కూరి, నీళ్ళు దిగకుండా తారులాంటి కీలు పూసేవాడు. ఇంజనుకి నూనె పెట్టేవాడు. చయనులు గారు అడిగితే, "ఏలానికి పోయే పిల్ల కదండీ, సక్కగా ఉండాలి గదా," అన్నాడట. ఆయన సంతోషించి, వేలములో మంచి ధర పలికించుటకు సిబ్బంది చూపుచున్న శ్రద్ధ అని అతనికి ప్రశంసాపత్రం ఇచ్చారు.

ఒకరోజు నేను కూడా వెళ్ళాను. అప్పుడే ఒక తుక్కు వ్యాపారి వచ్చి బుల్లెమ్మ డొక్కలో సుత్తితో టకటకమని కొట్టి, ఎంత చెక్క, ఎంత ఇనుము అని లెక్క వేసుకుంటున్నాడు. పోలిరాజు కాస్త దూరంగా నిలబడి చూస్తున్నాడు. సుత్తి దెబ్బ పడ్డప్పుడల్లా అతని భుజం అదిరింది.

"నాకు నేల మీద నడక సరిగ్గా రాదండి మేనేజరుగారూ," అన్నాడు. "దాని మీదుంటేనే నా కాళ్ళు నాయి. దాన్ని సితక్కొట్టేసేక నేనెక్కడ నిలబడాలో నాకు తెలవటం లేదు."

నాకు సిగ్గేసింది. నియమం మీద నాకున్న గౌరవం ఎక్కడికీ పోలేదు, కానీ ఆ పూట అన్నం సయించలేదు. ఇంకో అర్జీ రాస్తానన్నాను.

"రాయకండి," అన్నాడు పోలిరాజు. "మీరు రాసినకొద్దీ ఏదో ఒకటి పోతంది. శ్రావణం రానీండి."

శ్రావణంలో ఏముందో నాకు అర్థం కాలేదు. వరలక్ష్మీ వ్రతం అనుకున్నాను.

శ్రావణంలో వరద వచ్చింది. ఏటా వచ్చేదే, ఈసారి కాస్త చనువు తీసుకుంది. మా స్టోర్సు యార్డు నది పక్క పల్లంలో ఉంది. వేరే ఎవరూ తీసుకోని స్థలం కాబట్టి మా సంస్థకి చవగ్గా వచ్చింది. మధ్యాహ్నం భోజనం చేసి లేస్తుంటే చయనులు గారి ఫోను.

"యార్డులోనికి జలము ప్రవేశించినది."

"మీరు బయటికి వచ్చెయ్యండి."

"స్థానము వీడుటకు లిఖితపూర్వక ఆదేశము రాలేదు. ప్రస్తుతము నేను బల్ల మీద ఉన్నాను. బల్ల మీద కుర్చీ, కుర్చీ మీద నేను."

నేనూ నూకరత్నమూ ఎవరిదో నావ పట్టుకుని వెళ్ళేసరికి యార్డు గోడ పైఅంచు మాత్రమే కనిపిస్తోంది. చీపుళ్ళ గుట్ట విడిపోయి, ఒక్కో చీపురూ తేలుతూ ఊరేగింపుగా గేటు దాటుతోంది. వాటి వెనక, కొత్త పెళ్ళికూతురిలా తల ఎత్తుకుని, బుల్లెమ్మ నీళ్ళ మీద లేచి నిలబడి ఉంది. పోలిరాజు చక్రం దగ్గర ఉన్నాడు. పొద్దుట్నుంచీ అక్కడే ఉన్నాడట. ఇంజను డుగుడుగుమంటోంది. అతని మొహం చూస్తే నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

మమ్మల్ని ఎక్కించుకుని బుల్లెమ్మ, ఎత్తు అరుగు మీదున్న స్టోర్సు ఆఫీసు కిటికీ పక్కన ఆగింది. లోపల కుర్చీ మీద చయనులు గారు రబ్బరు స్టాంపులు పంచె కొంగున కట్టుకుని నిలబడి ఉన్నారు.

"దిగండి బాబూ, పడవలోకి," అన్నాడు పోలిరాజు.

"అది పడవ కాదు. తుక్కుగా జమపడిన ఫ్రిజ్జు. సంస్థ అధికారి ఫ్రిజ్జునందు ప్రయాణము చేయుటకు ప్రయాణ నియమావళి అంగీకరింపదు."

"మీ నియమాలకి ఈతొచ్చా అయ్యగారూ?" అంది నూకరత్నం.

ఆయన కిందకి చూశారు. నీళ్ళు కుర్చీ కాళ్ళని మింగుతున్నాయి. ఆయనకి ఈత రాదని మొహమే చెప్పింది. అయినా ఒక్క నిమిషం ఆలోచించి గాని కాలు బయట పెట్టలేదు. ఆ ఒక్క నిమిషానికి నేను ఆయనకి నమస్కరిస్తాను.

పడవలో కూర్చున్నాక ఆయన తడి బట్టలతోనే గేటు పాసు రాయడం మొదలుపెట్టారు. గేటు పాసు లేనిదే ఏ వస్తువూ యార్డు దాటరాదు. గేటు మనిషి అప్పటికే చింతచెట్టు ఎక్కి ఉన్నాడు. అతని కింద పడవ ఆపి, పాసు పైకి అందించి, ముద్ర వేయించుకుని, అప్పుడు గేటు మీదుగా దాటాం. పాసులో ఇలా ఉంది: పాత ఫ్రిజ్జు, వరద కారణమున స్వయముగా స్థానము మార్చుకొనుచున్నది. అధికారి ఒకరు దానిని విడువక వెంబడించుచున్నారు.

బుల్లెమ్మ తాటిలంక చేరింది. చయనులు గారికి పొడి పంచె ఇచ్చి, నూకరత్నం వేడి వేడి చారు పోసింది. ఆయన రెండోసారి అడిగి పోయించుకున్నారు.

వరద తీశాక ఆయన మళ్ళీ వచ్చారు. ఈసారి కారులో, తనిఖీకి. కృతజ్ఞత ఉన్న మనిషే గానీ, కృతజ్ఞతకి ఫైలు ఉండదు.

"మీ వద్ద ప్రస్తుతము రెండు ఫ్రిజ్జులు గలవు. ఒక నౌకకు ఒకటే అర్హత. పనిచేయు దానిని ఉంచి, పనిచేయని దానిని పీచు సహితముగా నేను గొనిపోవలెను. నాకును కష్టముగనే ఉన్నది."

రేవు మీద కొత్త ఫ్రిజ్ లైఫ్ జాకెట్ వేసుకుని, పసుపు బొట్లతో, నిక్షేపంగా నడుస్తోంది. పోలిరాజు బుల్లెమ్మ తాడు పట్టుకుని నిలబడ్డాడు. కార్తీకం వెళ్ళాక వేలం, వేలం తర్వాత సుత్తి.

చయనులు గారు నియమం ప్రకారం పాత ఫ్రిజ్ పనిచేయడం లేదని స్వయంగా నిర్ధారించుకోవడానికి బుల్లెమ్మ వంటింట్లోకి వెళ్ళారు. తలుపు తెరిచి లోపల చెయ్యి పెట్టారు. పెట్టిన చెయ్యి వెంటనే తీసి, ఆశ్చర్యంగా చూసుకుని, మళ్ళీ పెట్టారు.

"శీతలముగా ఉన్నది," అన్నారు.

ఉండదా మరి. మాటిమాటికీ మెట్లెక్కి కొత్త ఫ్రిజ్ దాకా వెళ్ళలేక, నూకరత్నం అందులో గడ్డకట్టిన ఐసంతా తెచ్చి, చేపల బుట్టల్లో పెట్టినట్టు ఊకలో పాతి, గోనె కప్పి, పాత ఫ్రిజ్ కింది అరల్లో కుక్కింది. పై అరలో పెరుగు గిన్నె. చయనులు గారు గిన్నె తీశారు. గరిటెతో కాస్త తీసుకుని రుచి చూశారు. తర్వాత వెనక్కి వంగి చూస్తే ప్లగ్గు నేల మీద పడి ఉంది. వైరు సగం ఎలుకలు తినేశాయి.

ఆయన ఆ ప్లగ్గుని రెండు వేళ్ళతో ఎత్తి చూశారు. తర్వాత నెమ్మదిగా, గుడిలో మాట్లాడినట్టు అన్నారు. "విద్యుత్తు లేకనే పనిచేయుచున్నది."

నేను నోరు తెరిచాను. నూకరత్నం నా కాలు తొక్కింది. అయినా నన్నెవరూ అడగలేదు. అడగనిదానికి జవాబివ్వరాదన్నది కూడా మా నియమమే. నేను నోరు మూసుకున్నాను.

"కావున పనిచేయు ఫ్రిజ్జు ఇదియే," అన్నారాయన. "అచ్చట నున్న కొత్తది విద్యుత్తు లేనిదే పనిచేయదు గదా. దానిని నేను గొనిపోయెదను. ఇది పీచు సహితముగా నౌకయందే ఉండవలెను."

లైఫ్ జాకెట్‌తో సహా కొత్త ఫ్రిజ్ కారు వెనకే వచ్చిన లారీ ఎక్కింది. స్నానాలకి వచ్చిన ఆడవాళ్ళు దానికి హారతి ఇచ్చి పంపించారు. పోలిరాజు ఆ సాయంత్రం బుల్లెమ్మని ఊరికే ఒకసారి గోదావరి మధ్య దాకా తీసుకెళ్ళి తెచ్చాడు. నేనూ నూకరత్నమూ కూడా ఎక్కాం.

కార్తీకంలో మొదటి యాత్రకి సంచాలకులు గారే స్వయంగా వచ్చారు. చేపల మార్కెట్టు నుంచి ఐసు తెల్లారకముందే దిగి, ఊకలో సర్దుకుని ఉంది. ఆయన ఆ ఫ్రిజ్ ముందు చేతులు కట్టుకుని నిలబడి, ఊడిన ప్లగ్గుతో ఫోటో తీయించుకున్నారు.

"ప్రపంచము హరిత మార్గమున పయనించుచున్నది. మన సంస్థ అందుకు పడవ కట్టినది," అన్నారు. తర్వాత నూకరత్నం వైపు తిరిగి, "ఇందలి రహస్యమేమి తల్లీ?" అని అడిగారు.

"మాటిమాటికీ తలుపు తియ్యకూడదండి," అంది నూకరత్నం.

సంచాలకులు గారు ఆ మాట రాయించుకున్నారు. ఆ ఫ్రిజ్‌ని ప్రధాన కార్యాలయంలో ప్రదర్శనకి పెట్టాలని ఆయనకి కోరిక పుట్టింది గానీ, గుమ్మం దగ్గర కొలతలు తీసి మానుకున్నారు. పీచు సహితంగా తెమ్మందామంటే యార్డులో ఇంకా మోకాలి లోతు బురద ఉందని చయనులు గారు రాశారు. ఆయన ఆ కాగితం ఎంత ఆనందంగా రాసి ఉంటారో నాకు తెలుసు. ఆ రోజు కూడా ఆయన చారు తాగడానికి వచ్చారు.

నెల తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. సంస్థలోని తక్కిన పడవలన్నిటిలోనూ ఫ్రిజ్‌ల ప్లగ్గులు తీసెయ్యాలి. తలుపు మాటిమాటికీ తియ్యకూడదు. తాటిలంక ఆదర్శం.

మాఘంలో ఒకరోజు మేము యాత్రికులతో బయల్దేరాం. ఒడ్డున గట్టు మీది రోడ్డు వెంట ఒక ట్రైలరు లారీ పోతోంది. దాని మీద పర్యాటక నౌక రెండు. కడుపులో, ప్లగ్గు తీశాక చల్లబడక పాడైనట్టు లెక్క రాసిన ఫ్రిజ్, చక్రం దగ్గర వాళ్ళ సరంగు, కళ్ళనీళ్ళతో రోడ్డు మలుపుకి చక్రం తిప్పుతున్నాడు. ఆ పడవ కట్టింది కూడా మా మజ్జిగ మేస్త్రే.

పోలిరాజు బుల్లెమ్మ వేగం తగ్గించి, లారీ పక్కనే నడిపిస్తూ, హారను ఒకసారి గట్టిగా కొట్టాడు. అవతలి సరంగు తలెత్తి చూశాడు.

"బావా," అని కేకేశాడు పోలిరాజు. "రోజూ ఎల్లి కీలు పూత్తా ఉండు. శ్రావణం ఎంతో దూరం లేదు."